మైనర్ కీలో స్వరాలు ఎన్ని?

పాశ్చాత్య సంగీతపు రాతలో ప్రతి వరస మొదట్లోనూ క్లెఫ్ గుర్తు పక్కన కొన్ని షార్ప్‌లో ఫ్లాట్‌లో కనిపిస్తాయి. వీటిని కీ సిగ్నేచర్ అంటారు. ఏ స్వరాన్ని అర స్వరం పెంచి పలకాలో, దేన్ని తగ్గించి పలకాలో ఆ గుర్తులు ముందే చెబుతాయి కాబట్టి పాట పొడవునా ప్రతిచోటా మళ్లీ రాయాల్సిన పని ఉండదు. మేజర్ కీలో ఈ ఏర్పాటుకు వంక పెట్టాల్సింది ఏమీ లేదు. ఒక్క షార్ప్ ఉంటే జి మేజర్, రెండుంటే డి మేజర్. సిగ్నేచర్ చూపిన ఏడు స్వరాలే పాటకు వెన్నెముక. మైనర్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పడం మొదలవుతుంది. సిగ్నేచర్ ఒక మాట చెబుతుంది, పాట లోపల మరో స్వరం వినిపిస్తుంది. పుస్తకాలు ఈ తేడాను సర్దడానికి నేచురల్ మైనర్, హార్మోనిక్ మైనర్, మెలోడిక్ మైనర్ అని మూడు స్కేళ్లు చెప్పి, మూడూ బట్టీ పట్టమంటాయి. విద్యార్థి పడతాడు. ఒకే కీకి మూడు స్కేళ్లు ఎందుకున్నాయో, పాట ఏ క్షణంలో దేన్ని ఎంచుకుంటుందో మాత్రం చాలామందికి తెలియకుండానే పరీక్షలు అయిపోతాయి. ఈ అధ్యాయంలో చేయబోయే వాదన ఒక్కటే. మైనర్ కీకి ఉన్నవి మూడు స్కేళ్లు కావు. తొమ్మిది స్వరాలున్న ఒకే కీ. అందులో ఐదు స్వరాలు కదలవు. ఆరో స్థానంలో రెండు, ఏడో స్థానంలో రెండు స్వరాలు ఉండి, సందర్భాన్ని బట్టి ఒకటి పలుకుతుంది. సిగ్నేచర్‌కు ప్రతి స్థానంలో ఒకదాన్ని చూపించే వీలే ఉంది గనక సగం సంగతే చెప్పి ఊరుకుంటుంది.

ముందు సిగ్నేచర్ ఎలా కుదురుతుందో చూద్దాం. పియానో మీద తెల్ల మెట్లు మాత్రమే వాయిస్తూ సి నుంచి సి దాకా వెళితే సి మేజర్ స్కేలు వస్తుంది. అవే తెల్ల మెట్ల మీద ఎ నుంచి ఎ దాకా వెళితే ఎ మైనర్. స్వరాలు అవే, మొదలుపెట్టిన చోటు వేరు. అందుకే రెండింటికీ సిగ్నేచర్ ఒకటే: షార్ప్‌లూ లేవు, ఫ్లాట్‌లూ లేవు. ఏ మేజర్ నుంచి అయినా మూడు అర స్వరాలు కిందికి దిగితే దాని సిగ్నేచర్‌ను పంచుకునే మైనర్ దొరుకుతుంది. జి మేజర్‌తో ఇ మైనర్, ఎఫ్ మేజర్‌తో డి మైనర్, ఇ ఫ్లాట్ మేజర్‌తో సి మైనర్. వీటిని రిలేటివ్ కీలు అంటారు. ఇలా చూస్తే మైనర్‌కు సొంత సిగ్నేచర్ అంటూ లేదు, మేజర్ దగ్గర అప్పు తెచ్చుకున్నదే. ఒకే షడ్జమం, అంటే స్కేలు మొదలయ్యే స్వరం, మీద మేజర్‌నూ మైనర్‌నూ పక్కపక్కన పెడితే తేడా ఎంతో తెలుస్తుంది. ఎ మేజర్‌కు మూడు షార్ప్‌లు, ఎ మైనర్‌కు ఏమీ లేవు. సి మేజర్‌కు ఏమీ లేవు, సి మైనర్‌కు మూడు ఫ్లాట్‌లు. మూడో స్వరం, ఆరో స్వరం, ఏడో స్వరం ఒక్కొక్క అర స్వరం తగ్గాయి. కాగితం మీద ఈ మూడూ సమానంగానే కనిపిస్తాయి. పాటలో మాత్రం మూడో స్వరం స్థిరంగా నిలబడుతుంది, కీకి మైనర్ అనే గుర్తింపు ఇచ్చేది అదే. ఆరు, ఏడు స్వరాలు ఒకచోట నిలవవు.

పియానో ముందు కూర్చున్న ప్రతి పిల్లా పిల్లవాడూ ఎప్పుడో ఒకప్పుడు వాయించే ఒక పాటను దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. బీథోవెన్ 1810లో రాసిన ‘ఫ్యూర్ ఎలీజ్’ ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1867లో అచ్చయింది. కీ ఎ మైనర్. సిగ్నేచర్‌లో ఏమీ లేదు. పాట మొదలవగానే ఇ, దాని కింద డి షార్ప్, మళ్లీ ఇ, మళ్లీ డి షార్ప్ అంటూ వేళ్లు ఊగుతాయి. ఈ డి షార్ప్ సిగ్నేచర్‌లో లేదు, నిజమే. కాని అది ఇ స్వరాన్ని ఆనుకుని చుట్టపుచూపుగా వచ్చిపోయే అలంకారం. దాన్ని తీసేసినా పాట నడక మిగులుతుంది. ఆ ఊపు ముగిసి ఎ మీద కుదుటపడ్డాక వచ్చే మాట వేరు. ఎడమచేయి ఇ, ఇ, జి షార్ప్ అని పైకెక్కుతుంది. కుడిచేయి ఇ, జి షార్ప్, బి మీదుగా సి చేరుతుంది. ఇక్కడి జి షార్ప్ చుట్టం కాదు, ఇంటివాళ్లలో ఒకరు. ఇ, జి షార్ప్, బి కలిసి పలికే కార్డ్‌కు అది నడుం లాంటిది. దాన్ని తీసి మామూలు జి పెట్టి వాయిస్తే ఆ వాక్యం ఎ దగ్గరికి తిరిగి రావాలన్న తొందరే పోతుంది. ఇంకొంచెం ముందుకు వెళ్లండి. మొదటి భాగం రెండుసార్లు వినిపించాక పాట కాసేపు సి మేజర్ వైపు మొగ్గుతుంది. అక్కడ కుడిచేయి బి, సి, డి మీదుగా ఇ చేరి, ఆ తర్వాత కింది జిని తాకి ఎఫ్, ఇ, డి అంటూ మెట్లు దిగుతుంది. ఈసారి జి మామూలు జి. షార్ప్ లేదు. అదే పేజీలో, అదే కీలో, కొద్ది బార్ల తేడాతో రెండు రకాల ఏడో స్వరాలూ వచ్చాయి. రెండూ తమ తమ చోట తప్పనిసరి. ఒకటి అసలు, మరొకటి మినహాయింపు అనడానికి పాటలో ఆధారం ఏదీ కనబడదు.

ఏడో స్వరం ఎందుకు పెరిగింది? సంఖ్యల్లో చూస్తే సులువు. ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా శ్రుతి చేస్తే, నేటి సమాన శ్రుతి లెక్కలో దాని కింది జి 392 హెర్ట్జ్. జి షార్ప్ 415.3. జి నుంచి ఎ చేరడానికి 48 హెర్ట్జ్ ఎక్కాలి. జి షార్ప్ నుంచి పాతిక కూడా అక్కర్లేదు. ఇంత దగ్గరగా ఉన్న స్వరం షడ్జమాన్ని అంటుకోబోతున్నట్టు వినబడుతుంది. దానికి పాశ్చాత్యులు పెట్టిన పేరు లీడింగ్ టోన్. మన శాస్త్రంలో ఇది కాకలి నిషాదం. దూరం ఒక్కటే కారణమైతే రాగం పాడినా చాలు. పాశ్చాత్య సంగీతంలో దీనికి కార్డ్‌ల బలం కూడా తోడైంది. పంచమం మీద కట్టిన కార్డ్ నుంచి షడ్జమం మీద కట్టిన కార్డ్‌కు రావడమే అక్కడ వాక్యం ముగిసిందని చెప్పే పద్ధతి. పంచమం మీది కార్డ్‌లో మధ్య స్వరం కాకలి నిషాదం అయితే ఆ ముగింపు తిరుగులేకుండా వినిపిస్తుంది. మేజర్ స్కేల్లో అది పుట్టుకతోనే ఉంది. మైనర్‌లో లేదు కాబట్టి తెచ్చి పెట్టుకోవాలి. ఇది పుస్తకాలు రాసినవాళ్లు కనిపెట్టిన సంగతి కూడా కాదు. కీలు, సిగ్నేచర్లు స్థిరపడక ముందే, మధ్యయుగాల చివర్లోనూ 15, 16 శతాబ్దాల్లోనూ, చర్చి గాయకులు వాక్యం చివర షడ్జమానికి ముందున్న స్వరాన్ని అర స్వరం పెంచి పాడేవారు. కాగితం మీద ఆ గుర్తు చాలాసార్లు ఉండేదే కాదు. పాడేవాడికి తెలిసి ఉండాలి, అంతే. ఈ అలవాటుకు మ్యూజికా ఫిక్టా అని పేరు. అంటే రాతలో ఒకటి, నోట మరొకటి అన్న వ్యవహారం మైనర్ కీ పుట్టక ముందునుంచీ ఉంది. తర్వాత వచ్చిన సిగ్నేచర్ ఆ రాతనే స్వీకరించింది. నోటి వాడుక, స్వరం పక్కనే అక్కడికక్కడ రాసే యాక్సిడెంటల్ గుర్తుల రూపంలో పాట లోపలికి చేరింది.

ఏడో స్వరాన్ని పెంచగానే ఆరో స్వరం దగ్గర కొత్త ఇబ్బంది తలెత్తుతుంది. ఎ మైనర్‌లో ఎఫ్ 349.2 హెర్ట్జ్. దాని తర్వాతి స్వరం జి షార్ప్ అయితే మధ్యలో మూడు అర స్వరాల ఖాళీ. ఎ నుంచి సికి ఉన్న దూరం ఎంతో ఇదీ అంతే. పియానో మీద కొలిస్తే తేడా లేదు. కాని ఎ నుంచి సికి వెళ్లేటప్పుడు ఒక స్వరాన్ని దాటి దూకుతున్నామని చెవికి తెలుసు. ఎఫ్ నుంచి జి షార్ప్‌కు వెళ్లేటప్పుడు పక్క మెట్టు మీద అడుగు పెట్టబోయి లోతు చాలక తూలినట్టు ఉంటుంది. కీరవాణి రాగం విని పెరిగిన మన చెవికి ఈ అంతరంలోనే అందం ఉంది. 16వ శతాబ్దపు యూరపు గాయక బృందాలకు మాత్రం ఇది పాడరాని అడుగు. అందుకని పైకెక్కుతూ షడ్జమం చేరాలంటే ఆరో స్వరాన్నీ అర స్వరం పెంచి, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ అని పాడుకున్నారు. దిగేటప్పుడు షడ్జమం వైపు లాగే అవసరం లేదు గనక జి, ఎఫ్ అని మామూలు స్వరాలే చాలు. మెలోడిక్ మైనర్ ఆరోహణ ఒక రకంగా, అవరోహణ మరో రకంగా ఉండడానికి మూలం ఇదే. కార్డ్‌లకు కావలసిన స్వరాలను మాత్రమే ఒక వరసలో పేర్చి చూపితే అది హార్మోనిక్ మైనర్. ఏదీ మార్చకుండా సిగ్నేచర్ చెప్పినట్టు రాస్తే నేచురల్ మైనర్. ఈ మూడూ మూడు సందర్భాల్లో తీసిన మూడు ఫోటోలు అనవచ్చు. ఫోటోలు మూడైనంత మాత్రాన మనుషులు ముగ్గురు కారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఎక్కేటప్పుడు పెంచాలి, దిగేటప్పుడు తగ్గించాలి అన్న నియమం స్పష్టంగానే ఉంది కదా, అలాంటప్పుడు మెలోడిక్ మైనర్ అనే స్కేలు ఉందని ఒప్పుకుంటే పోయేదేముంది అని. ఆ నియమాన్ని గొప్ప స్వరకర్తలు పాటించి ఉంటే ఒప్పుకోవచ్చు. బాఖ్ 1723లో శుభ్రప్రతి రాసిన ఇన్వెన్షన్లలో నాలుగోది, డి మైనర్‌లోది, తీసుకోండి. సిగ్నేచర్‌లో ఒక ఫ్లాట్, బి ఫ్లాట్. మొదటి వాక్యం డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి ఫ్లాట్ అని వరసగా పైకెక్కుతుంది. నియమం ప్రకారం ఎక్కేటప్పుడు బి మామూలుది కావాలి. బాఖ్ ఫ్లాట్‌నే ఉంచాడు. ఎందుకంటే ఆ ఎక్కడం షడ్జమం దాకా సాగడం లేదు. బి ఫ్లాట్ శిఖరం. అక్కడినుంచి వెనక్కి తిరగాలి. శిఖరం చేరాక వచ్చే స్వరం సి షార్ప్, లీడింగ్ టోన్. బి ఫ్లాట్ పక్కన సి షార్ప్ వస్తే ఇందాకటి తూలే అడుగు తప్పదు. బాఖ్ ఆ అడుగు వేయలేదు. సి షార్ప్‌ను పక్కన కాకుండా కింద, దాదాపు ఒక స్థాయి దిగువన పెట్టాడు. బి ఫ్లాట్ నుంచి ఒక్క దూకుతో అంత లోతుకు దిగి, మళ్లీ బి ఫ్లాట్‌కు ఎగిరి, అక్కడినుంచి ఎ, జి, ఎఫ్, ఇ అని దిగివచ్చి ఎఫ్ మీద వాలతాడు. స్వరాలన్నీ హార్మోనిక్ మైనర్‌వే. అయినా ఆ స్కేలును వరసగా పాడితే వచ్చే ఇబ్బందికర అంతరం ఎక్కడా అడుగుగా వినిపించదు. దూకుగా మారి పాటకు జీవం పోసింది. స్కేలు ఏది అన్న ప్రశ్న బాఖ్ వేసుకోలేదని ఈ రెండు బార్లు చూస్తే తెలిసిపోతుంది. ప్రతి స్వరం ఎక్కడికి వెళ్లబోతోంది, కింద ఏ కార్డ్ నడుస్తోంది అన్నవే ఆయన చూసుకున్నాడు. పంచమం మీది కార్డ్ నడుస్తున్నప్పుడు ఆయన రాగధార దిగుతున్నా పెంచిన ఆరు, ఏడు స్వరాలతోనే దిగడం తరచు కనిపిస్తుంది. దిశ కంటే కార్డ్ మాటే ఎక్కువ చెల్లుతుంది.

తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్లకు దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. నిఘంటువులో ‘వాడు’ అని ఉంటుంది, ‘ఎక్కడ’ అని ఉంటుంది. నోట ‘వాడెక్కడ’ అని వస్తుంది. ఉకారం పోవడం తప్పు కాదు, మినహాయింపు కాదు, ‘వాడ్’ అనే రెండో పదం ఉందని రుజువూ కాదు. పక్కన వచ్చే అచ్చును బట్టి భాష చేసే సంధి. కీ సిగ్నేచర్ ఇచ్చేది నిఘంటువులో రూపం. మైనర్‌లో ఆరు, ఏడు స్వరాలు తర్వాత వచ్చే స్వరాన్ని బట్టి, కింద నడిచే కార్డ్‌ను బట్టి రూపం మార్చుకుంటాయి. మూడు స్కేళ్లు బట్టీ పట్టించడం సంధి సూత్రం చెప్పకుండా సంధి జరిగిన మాటలన్నీ విడివిడిగా వల్లె వేయించడమే అవుతుంది.

మరి జి షార్ప్ అంత ముఖ్యమైనదైతే సిగ్నేచర్‌లోనే పెట్టేయవచ్చు కదా అన్నది ఇంకో ప్రశ్న, తీసిపారేయదగ్గది కాదు. ఎ మైనర్‌కు ఒకే ఒక్క జి షార్ప్‌తో సిగ్నేచర్ రాస్తే ఏమవుతుంది? ‘ఫ్యూర్ ఎలీజ్’లో సి మేజర్ వైపు మొగ్గిన చోటల్లా జి పక్కన షార్ప్‌ను రద్దు చేసే నేచురల్ గుర్తు రాసుకోవాలి. అక్కడ తగ్గిన పని ఇక్కడ పెరుగుతుంది. ఏ రూపాన్ని ముందు పెట్టినా రెండో రూపం యాక్సిడెంటల్‌గా రాక తప్పదు. ఇది ఊహ మాత్రమే కాదు, ఆరో స్వరం విషయంలో చరిత్రలో అచ్చంగా జరిగింది. 17వ శతాబ్దంలోనూ 18వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లోనూ చాలామంది స్వరకర్తలు మైనర్ కీని ఒక ఫ్లాట్ తక్కువగా రాసేవారు. బాఖ్ 1720లో తన చేత్తో రాసిన సోలో వయొలిన్ సొనాటాల్లో మొదటిది జి మైనర్‌లో ఉంది. నేటి లెక్కలో రెండు ఫ్లాట్‌లు ఉండాలి. ఆయన ఒక్కటే రాశాడు. ఆరో స్వరమైన ఇ ఫ్లాట్ కావలసి వచ్చిన ప్రతిసారీ పాట లోపల గుర్తు పెట్టుకున్నాడు. ఆయన డి మైనర్ ఆర్గన్ రచన ఒకటి, టొకాటా అండ్ ఫ్యూగ్, బిడబ్ల్యూవీ 538, సిగ్నేచర్ లేకుండా రాసినందువల్లే ‘డోరియన్’ అన్న పేరు మోస్తోంది. సంగీతం మాత్రం డి మైనరే. ఆ కాలపు రాత పెరిగిన ఆరో స్వరాన్ని మామూలుగా ఎంచి, తగ్గినదాన్ని గుర్తు పెట్టి రాసింది. మన కాలపు రాత తగ్గినదాన్ని మామూలుగా ఎంచి, పెరిగినదాన్ని గుర్తు పెట్టి రాస్తోంది. రాత తలకిందులైనా వినబడే సంగీతం మారలేదు. ఆరో స్థానంలో రెండు స్వరాలున్నాయి, సిగ్నేచర్ ఒకదాన్ని ఎంచుకోక తప్పదు అన్నదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. సిగ్నేచర్ రాతలో ఒక సౌకర్యం మాత్రమేనని 20వ శతాబ్దంలో స్వరకర్త బార్టోక్ బాహాటంగా చూపించాడు. 1908 నాటి బగటెల్లలో మొదటిదానికి పై వరసలో నాలుగు షార్ప్‌లు, కింది వరసలో నాలుగు ఫ్లాట్‌లు పెట్టాడు.

కర్ణాటక సంగీతం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ వాదన మీద ఒక ప్రత్యేకమైన అభ్యంతరం ఉంటుంది, అది న్యాయమైనది కూడా. నేచురల్ మైనర్ మనకు నఠభైరవి, 20వ మేళకర్త. హార్మోనిక్ మైనర్ కీరవాణి, 21. మెలోడిక్ మైనర్ ఆరోహణ గౌరీమనోహరి, 23. మూడింటికి మూడు రూపాలు, మూడు వ్యక్తిత్వాలు. కీరవాణి పాడుతూ కైశికి నిషాదం వేస్తే గురువు ఊరుకోడు. మరి ఇవి మూడు స్కేళ్లు కావని ఎలా అంటాం? మేళకర్త పట్టికనే అడిగితే జవాబు దొరుకుతుంది. 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో వేసిన 72 మేళాల లెక్కలో ఆరేసి మేళాలు ఒక చక్రం. నాలుగోది వేద చక్రం. అందులోని ఆరింటికీ షడ్జమం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం ఉమ్మడి. మారేవి ధైవత నిషాదాలు రెండే. శుద్ధ ధైవతంతో కైశికి నిషాదం కలిస్తే 20, కాకలి కలిస్తే 21. చతుశ్రుతి ధైవతంతో కైశికి కలిస్తే 22, ఖరహరప్రియ. కాకలి కలిస్తే 23. ఇందాక చెప్పిన ఐదు స్థిర స్వరాలు, రెండేసి చర స్వరాలు అన్న లెక్క ఇక్కడ పక్కపక్క ఇళ్లలా వరసగా కనిపిస్తోంది. పాశ్చాత్య పాఠ్యపుస్తకం ఈ నాలుగింట్లో 22ను మైనర్ స్కేళ్ల జాబితాలోంచి వదిలేసి డోరియన్ మోడ్ అని వేరే పేరుతో పిలుస్తుంది. మన పట్టిక దాన్ని వరసలోనే పెట్టింది. లెక్క ప్రకారం మనదే సమగ్రమని నా అభిప్రాయం.

తేడా అంతా ఆ ఇళ్ల మధ్య రాకపోకల్లో ఉంది. మనోధర్మం రాగాన్ని తన స్వరాల హద్దులోనే పెంచుతుంది. కీరవాణి ఆలాపన కీరవాణిగానే ముగియాలి. కింద కార్డ్‌లు నడవవు కాబట్టి నిషాదాన్ని మార్చమని అడిగేవాళ్లు లేరు. పాశ్చాత్య మైనర్ కీ ఒకే వాక్యంలో 20లో మొదలై, 23 మీదుగా ఎక్కి, 21 కార్డ్‌లో ఆగి, షడ్జమం చేరుతుంది; అలా తిరగడమే దాని స్వభావం. అందువల్ల కీరవాణి ఒక రాగం అన్నది నిజం, హార్మోనిక్ మైనర్ ఒక కీ అన్నది నిజం కాదు. అయితే మన సంగీతంలో ఇలాంటి చలనం బొత్తిగా లేదనుకుంటే పొరపాటు. భైరవి రాగాన్నే చూడండి. నఠభైరవి జన్యం, అయినా పంచమం నుంచి నిషాదం మీదుగా షడ్జమానికి ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం పలుకుతుంది, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. ‘విరిబోణి’ అట తాళ వర్ణం నేర్చుకున్న ప్రతి విద్యార్థి గొంతుకూ ఇది అలవాటే. షడ్జమం దాకా వెళ్లకుండా ప, ద, ని, ద, ప అని నిషాదం దగ్గరే వెనక్కి తిరిగే సంచారంలో సాధారణంగా శుద్ధ ధైవతమే వస్తుంది. బాఖ్ ఇన్వెన్షన్‌లో శిఖరం దాటని బి ఫ్లాట్ ఇలాంటిదే. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్న దాఖలా ఏదీ అవసరం లేదు. గమ్యాన్ని బట్టి ఆరో స్వరం మారడమన్నది రెండు సంప్రదాయాలూ వేటికవి చేరుకున్న చోటు. భైరవిలో నిషాదం మాత్రం కైశికిగానే నిలబడుతుంది. లీడింగ్ టోన్ అక్కర్లేకుండా ఆరో స్వరం ఒక్కటే కదలగలదని దీనివల్ల తెలుస్తోంది. ఏడో స్వరాన్ని కదిలించింది కార్డ్‌లేనన్న మాటకు ఇది ఇంకో బలం.

జాజ్ వాయించేవాళ్లు ఇక్కడ అడ్డు తగులుతారు. వాళ్లు మెలోడిక్ మైనర్ ఆరోహణనే ఎక్కడానికీ దిగడానికీ ఒకే రూపంలో సాధన చేస్తారు, దాని మీద కార్డ్‌లు కడతారు. అలాగే ఇంగ్లండ్ జానపదం ‘స్కార్బరో ఫెయిర్’ను సాధారణంగా డోరియన్‌లో పాడతారు, ఎన్నో రాక్ పాటలు తగ్గిన ఏడో స్వరం మీది కార్డ్ నుంచే నేరుగా షడ్జమానికి వచ్చి వాక్యం ముగిస్తాయి. ఇవన్నీ నిజమే. వీటిలో స్వరాలు కదలవు, కాబట్టి వీటికి స్కేలు అన్న మాట సరిగ్గా అతుకుతుంది. కాని వీటిని ఆధారం చేసుకుని బీథోవెన్ ఎ మైనర్‌కు కూడా మూడు స్కేళ్లున్నాయని అనలేం. పంచమం కార్డ్‌తో వాక్యం ముగించే సంగీతానికి ఒక వ్యాకరణం, ఆ అవసరం పెట్టుకోని సంగీతానికి ఇంకొకటి. అదీగాక ఈ పాటలు మరో అపోహనూ తొలగిస్తాయి. మైనర్ ప్రకృతిలో లేని బలహీనమైన కూర్పు గనక జి షార్ప్ అనే ఊతకర్ర కావలసి వచ్చిందని 19వ శతాబ్దంలో తరచు వినిపించిన ధోరణి అది.

ఆ ధోరణి వెనుక ఉన్న భౌతికశాస్త్రం మాత్రం విడిచిపెట్టదగ్గది కాదు. మేజర్ కార్డ్‌లోని మూడు స్వరాల పౌనఃపున్యాలు శుద్ధ శ్రుతిలో 4:5:6 నిష్పత్తిలో ఉంటాయి. ఒకే తీగ సహజంగా పలికే అనుస్వరాల్లో ఇవి వరసగా వస్తాయి. మైనర్ కార్డ్ 10:12:15. ఎ స్వరం 220, సి 264, ఇ 330 హెర్ట్జ్ అనుకుందాం. రెండేసి స్వరాలు గట్టిగా కలిసి మోగినప్పుడు వాటి తేడా పౌనఃపున్యం మరో సన్నని స్వరంగా చెవిలో పుడుతుంది. ఇక్కడ తేడాలు 44, 66, 110. వీటిలో 110 ఎ స్వరమే, 66 సి. 44 మాత్రం ఎఫ్, కార్డ్‌లో లేని స్వరం. అదే సి మేజర్‌లో 264, 330, 396 మోగితే తేడాలు 66, 66, 132. అన్నీ సి స్వరాలే. 1863లో భౌతికశాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ మైనర్ కార్డ్ కాస్త మసకగా వినిపించడానికి ఈ పరాయి స్వరాలను కారణంగా చూపాడు. సంగీత సిద్ధాంతకర్త రీమన్ ఇంకో దారి పట్టి, అనుస్వరాలకు అద్దంలో ప్రతిబింబంలా కిందివైపు కూడా స్వరాలు పుడతాయనీ మైనర్ వాటినుంచి వచ్చిందనీ వాదించాడు. ఏ తీగా అలాంటి స్వరాలను పలకదు. హెల్మ్‌హోల్ట్జ్ లెక్క సరైనదే. కాని దాన్నుంచి జి షార్ప్ అవసరం పుట్టదు. మైనర్ కార్డ్ మసకే దానికి కారణమైతే నఠభైరవి, ఖరహరప్రియ, డోరియన్ జానపదాలు అన్నీ షడ్జమం మీద కుదుటపడకుండా గాలిలో వేలాడాలి. అలా జరగడం లేదు. మైనర్ దుఃఖానికి ప్రకృతి ఇచ్చిన గొంతు అన్న మాటా ఇంతే. 1935లో మనస్తత్వవేత్త కేట్ హెవ్నర్ ఒకే సంగీతాన్ని మేజర్‌లోనూ మైనర్‌లోనూ వినిపించి, శ్రోతలు మైనర్‌కు విషాదపు విశేషణాలే ఎక్కువగా వాడారని చూపిన మాట వాస్తవం. ఆ శ్రోతలు పాశ్చాత్య సంగీతంలో పెరిగినవాళ్లు. ఖరహరప్రియ విని పెరిగిన చెవికి సాధారణ గాంధారం వినగానే దుఃఖం కలగాలన్న నియమం లేదు.

తొమ్మిది స్వరాల కీగా చూడడం మొదలుపెడితే రాత చదవడమే సులువవుతుంది. సిగ్నేచర్‌లో ఒక్క షార్ప్ కనబడితే అది జి మేజరో ఇ మైనరో ఆ గుర్తు చెప్పదు. పాట లోపల డి షార్ప్ మళ్లీ మళ్లీ వస్తూ ఇ దగ్గరికి వెళుతుంటే, కింది వరస చివరికి ఇ మీద ఆగితే, అది ఇ మైనర్. ముగింపు స్వరం ఒక్కటే చాలదు కూడా. పాతకాలపు మైనర్ పాటలు ఎన్నో చివరి కార్డ్‌లో గాంధారాన్ని కూడా పెంచి మేజర్‌గా ముగిసిపోతాయి. సిగ్నేచర్ ఎంత నిండుగా ఉన్నా ఈ రెండు స్థానాల సంగతి పాటలోనే తేలాలి. జి షార్ప్ మైనర్ సిగ్నేచర్‌లో ఐదు షార్ప్‌లున్నాయి, ఎఫ్ షార్ప్ వాటిలో ఒకటి. అయినా లీడింగ్ టోన్ కావాలంటే ఆ ఎఫ్ షార్ప్‌ను మరో అర స్వరం పెంచి డబుల్ షార్ప్ రాయాలి. పియానో మీద అది మామూలు జి మెట్టే. దాన్ని జి అని రాస్తే ఏమవుతుందని కొత్తవాళ్లకు అనుమానం రావడం సహజం. జి అని రాస్తే ఏడో స్థానం ఖాళీ అవుతుంది, మొదటి స్థానంలో రెండు స్వరాలు ఇరుక్కుంటాయి. అది ఎక్కడికి వెళ్లబోతోందో రాత చెప్పలేదు. బాఖ్ 1722 నాటి ‘వెల్ టెంపర్డ్ క్లేవియర్’ మొదటి సంపుటంలో ఎనిమిదో జంటకు ప్రెల్యూడ్ ఆరు ఫ్లాట్‌లతో ఇ ఫ్లాట్ మైనర్‌లో, ఫ్యూగ్ ఆరు షార్ప్‌లతో డి షార్ప్ మైనర్‌లో ఉన్నాయి. మెట్లు అవే, షడ్జమం అదే మెట్టు. ప్రెల్యూడ్‌లో లీడింగ్ టోన్ డి నేచురల్. ఫ్యూగ్‌లో అదే మెట్టు సి డబుల్ షార్ప్.